చూరులో తుపాకీ, మనస్సులో సందేహం



ఈ వారం మీ ముందు ఒక చిక్కు ప్రశ్న ఉంచుతున్నాను. మీరు రాజవొమ్మంగికి ఎగువన ఒక కొండపల్లెలో రైతు అనుకోండి. కొంచెం పోడు, అందులో జొన్న, కంది. ఇంటి చూరు కింద తాతగారి కాలంనాటి నాటు తుపాకీ ఒకటి ఉంది. గొట్టంలో మందు పోసి, రవ్వలు వేసి, కమ్మీతో దట్టించి పేల్చే రకం. ఒక్క దెబ్బ పేలిందంటే మళ్ళీ మొదటి నుంచీ దట్టించుకోవాలి, ఈలోగా పంది చేను దాటి పోతుంది. దానికి తాతగారి పేరున లైసెన్సు కాగితం ఉండేదని నాన్న చెప్పేవాడు. ఆ కాగితం చెదలు తిన్నదో, వానకు తడిసిందో తెలియదు. తాత పోయాడు, నాన్న పోయాడు, తుపాకీ మిగిలింది. దాన్ని మీరు కొనలేదు, దొంగిలించలేదు, ఎవరి మీదికీ ఎత్తలేదు. ఇప్పుడు మీరు నేరస్థులా? పాపం చేస్తున్నవారా? అసలు ఈ రెండూ ఒకే ప్రశ్నా?

ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. కొండ ప్రాంతపు విచారణలలో పనిచేసే గురువులకు, ఉపదేశులకు ఇలాంటి సందేహం ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. అయితే దాన్ని ఎవరూ పదిమందిలో అడగరు. అడిగితే తుపాకీ ఉందని ఒప్పుకున్నట్లవుతుంది గదా!

రాజవొమ్మంగికి తుపాకీతో పాత సంబంధం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను అల్లూరి సీతారామరాజు, ఆయన వెంట నడిచిన కొండవాళ్ళు ముట్టడించారు. మూడు ఠాణాలలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు వాళ్ళ చేతికి వచ్చాయి. రాజవొమ్మంగి ఠాణాలో నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను విడిపించారు. తీసుకుపోతున్న ఆయుధాల లెక్కను ఠాణా పుస్తకంలోనే వ్రాసి సీతారామరాజు సంతకం చేశాడని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ తిరుగుబాటుకు మూలం ఎక్కడుందో మీకు తెలుసు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చి, తాతల నుంచి చేసుకుంటున్న పోడు ఒక్కసారిగా నేరమైపోయింది. నిన్నటిదాకా బ్రతుకుతెరువుగా ఉన్న పని ఇవాళ నేరమైందని కొండమీది మనిషికి తెలిసింది కాగితం చదివి కాదు, ఫారెస్టు గార్డు వచ్చి పట్టుకున్నప్పుడు.

ఇది గుర్తుంచుకోండి. మన ఏజెన్సీలో ఏ చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్నది మొదటి నుంచీ చిక్కే. 1839లో గంజాం, విశాఖపట్నం కొండలకు ప్రత్యేక చట్టం చేసి, మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఏజెంటు చేతిలో పెట్టారు. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు ప్రకారం, ఫలానా చట్టం ఈ ప్రాంతానికి వర్తించదని గానీ, ఈ మార్పులతో వర్తిస్తుందని గానీ గవర్నరుగారు ప్రకటించవచ్చు. ఇదంతా గిరిజనుల రక్షణకే, కాదనను. కానీ చదువుకున్న వకీలు కూడా ఆగి పుస్తకం తిరగేయవలసిన చోట, సంతకం కూడా కష్టంగా చేసే రైతు ఏమి చేయగలడు?

తుపాకీ సంగతి చూడండి. 1878 నాటి బ్రిటిషు ఆయుధాల చట్టం స్థానంలో మన పార్లమెంటు 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసింది. అందులో 13వ సెక్షను రైతును మరచిపోలేదు. పంటను కాపాడుకోవడానికే అయితే, గొట్టంలో మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని ఆ సెక్షను చెబుతుంది. సంతోషమే. ఇక రెండో చట్టం తెరవండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపందిని అనుమతి లేకుండా చంపరాదు. 2022లో ఆ చట్టాన్ని సవరించి అడవిపందిని రెండవ షెడ్యూలులో చేర్చారు. అది పంటకు, ప్రాణానికి ప్రమాదంగా మారిందని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి, లేదా ఆయన అధికారమిచ్చినవారు, వ్రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప కాల్చకూడదు. అంటే ఏమిటి? పంట కాపలాకు తుపాకీ ఉంచుకో అని ఒక చట్టం అంటుంది, పంట తినే జంతువు మీద పేల్చకు అని ఇంకొకటి అంటుంది. రెండింటికీ వాటి వాటి న్యాయం ఉంది. చట్టం చేసినవారు మూర్ఖులని నేను అనడం లేదు. కానీ రాత్రి రెండు గంటలకు మంచె మీద కూర్చున్న మనిషి దగ్గరకు ఈ రెండు చట్టాలూ కలిసి వస్తాయి, వాటి మధ్య రాజీ కుదిర్చే ప్లీడరు మాత్రం ఆ మంచె మీద ఉండడు. (కేరళలో ఈ చిక్కును కొంత విప్పడానికి 2022లో ఆ అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ పెద్దలకు అప్పగించారు.)

మూడో ముడి 2019 డిసెంబరులో పడింది. అంతకుముందు ఒక మనిషి మూడు తుపాకుల వరకు ఉంచుకోవచ్చు. సవరణతో అది రెండుకు దిగింది. బిల్లులో మొదట ఒక్కటే అన్నారు, అభ్యంతరాలు వచ్చాక రెండు చేశారు. వారసత్వంగా వచ్చినదైనా ఈ లెక్కలోకే వస్తుంది. మూడోది ఉన్నవారు ఏడాదిలోగా అప్పగించాలన్నారు. ఆ ఏడాది కరోనా ఏడాది! లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచారు, అది మేలే. కానీ లైసెన్సు లేకుండా ఉంచుకున్నవారికి కనీస శిక్ష ఒక ఏడాది నుంచి రెండేళ్ళకు, గరిష్ఠ శిక్ష మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. మన కథలోని రైతుకు తుపాకీ ఒక్కటే, లెక్క బాధ లేదు. కాగితం బాధే. ఆ కాగితం కొత్తది చేయించుకోవాలన్నా, 2022 ఏప్రిల్ దాకా జిల్లా కేంద్రం కాకినాడ, ఆనాడు జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు అయింది. తాత పేరున ఉన్న ఫైలు ఏ బీరువాలో ఉందో వెదికేదెవరు?

ఇది మన కొండల గోడు మాత్రమే అనుకోకండి. మన పిల్లలు ఎంతోమంది ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, తుపాకీలో తూటాలు నింపే పెట్టె గురించి ఏళ్ళ తరబడి వ్యాజ్యం నడిచింది. దాన్ని మేగజీన్ అంటారు. పది తూటాలకు మించి పట్టే మేగజీన్లను 2000 సంవత్సరం నుంచి అక్కడ అమ్మకూడదు. 2016లో ప్రజల ఓటుతో వచ్చిన చట్టం, పాతవి కూడా 2017 జూలై 1 నుంచి ఇంట్లో ఉంచుకోరాదంది. రెండు రోజుల ముందు ఒక న్యాయమూర్తి దాన్ని ఆపాడు. 2019 మార్చి 29న ఆయనే ఆ చట్టం చెల్లదని తీర్పిచ్చాడు. వారం తిరక్కుండా, ఏప్రిల్ 5 సాయంత్రం నుంచి ఆ తీర్పు అమలును నిలిపివేశారు. ఆ వారం రోజులలో జనం ఎగబడి కొనుక్కున్నారు. తరువాత పై కోర్టు 2020లో చట్టం చెల్లదంది, 2021లో ఎక్కువమంది న్యాయమూర్తులు కూర్చుని చెల్లుతుందన్నారు, 2023లో కింది కోర్టు మళ్ళీ చెల్లదంది, 2025 మార్చిలో పై కోర్టు మళ్ళీ చెల్లుతుందంది. అదే ఇనుప పెట్టె, అదే బీరువాలో. ఒక తీర్పు నాటికి ఆ ఇంటాయన మర్యాదస్తుడు, మరుసటి తీర్పు నాటికి చట్టం తప్పినవాడు. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవనైనా లేదు. పది తూటాలకు మించిన మేగజీన్ ఇంట్లో ఎందుకని మీరు అడిగితే, నాకూ అర్థం కాదు. దుండగుడు ఆగి మళ్ళీ తూటాలు నింపుకొనే ఆ కొద్ది క్షణాలలో పారిపోయి బ్రతికేవారుంటారని ఆ చట్టాన్ని కోరినవారు చెప్పే మాట నాకు సబబుగానే తోస్తుంది. అయినా మంచి చట్టం కూడా ఊగిసలాడితే దానికి లోబడాలనుకునే మనిషిని ముందుగా అలసిపోయేలా చేస్తుంది. లోబడకూడదనుకునేవాడికి ఆ బాధే లేదు.

ఇక మనస్సాక్షి మాటకు వద్దాం. పునీత తోమాసు అక్వినాసుగారు చట్టానికి లక్షణాలు చెబుతూ, అది సామాన్యుల మేలు కోసం వివేకంతో చేసినదై ఉండాలి, ప్రజల బాధ్యత గలవారు చేసినదై ఉండాలి, ప్రజలకు ప్రకటించబడి ఉండాలి అన్నారు. ప్రకటన చట్టానికి పైపూత కాదు, ప్రాణం. ఇంగ్లీషు గెజిట్‌లో అచ్చువేయడంతో ప్రకటన పూర్తయినట్లేనా? కోర్టు అవునంటుంది, చట్టం తెలియదన్న సాకు అక్కడ చెల్లదు. కోర్టు అలా అనకపోతే లోకం నడవదు కూడా. కానీ దేవుని ముందు నిలబడినప్పుడు లెక్క వేరు. తెలుసుకొనే దారి నిజంగా లేనివానిపై దోషం మోపడం న్యాయం కాదని మన శ్రీసభ నీతిబోధకులు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

ఈ విషయంలో గొప్పవారు పునీత అల్ఫోన్సు లిగోరిగారు. ఆయన ముందు నేపుల్సులో పేరుమోసిన వకీలు. 1723లో ఒక పెద్ద దావాలో తాను ఆధారపడిన దస్తావేజునే సరిగా చూసుకోలేదని తేలి, ఓడిపోయి, ఆ వృత్తి వదిలి గురువయ్యారు. 1950లో ఆయనను పాపసంకీర్తనం వినే గురువులకు, నీతిశాస్త్ర పండితులకు పాలకపునీతునిగా ప్రకటించారు. చట్టం ఉందో లేదో అన్న గట్టి సందేహం మిగిలితే, ఆ చట్టం మనస్సాక్షిని కట్టివేయదన్న సూత్రాన్ని జాగ్రత్తగా సరిచూసి నిలబెట్టినవారు ఆయన. ఒక కాగితం ఎంత తేలికగా మనిషిని మోసగిస్తుందో స్వయంగా చవిచూసిన మనిషి గనుక, సామాన్యుడి మీద సందేహపు బరువు మోపడానికి ఆయనకు మనసు ఒప్పలేదేమో అని నాకనిపిస్తుంది.

అయితే మన రైతు ఇంతటితో తుపాకీని మళ్ళీ చూరులో పెట్టి నిద్రపోవచ్చా? ఆగండి. ఇక్కడ రెండు మెలికలున్నాయి.

మొదటిది. లిగోరిగారి సూత్రం అడిగి, వెదికి, అప్పటికీ తేలనివానికి మాత్రమే. అడిగితే ఏమి తేలుతుందోనని అడగకుండా ఊరుకున్నవానికి కాదు. మన సందేహాలలో కొన్ని పెంపుడు సందేహాలు. వాటికి మేత వేసి, నీళ్ళు పోసి మనమే పెంచుకుంటాం, అవి ఉన్నంతకాలం మనకు సుఖం. తుపాకీకి కాగితం కావాలన్నది కొండమీద ఎవరికి తెలియదు? చట్టం సందేహంలో లేదు, తన సంగతి ఆ చట్టం కింద ఎలా తేలుతుందన్నదే సందేహం. పంది మీద పేల్చవచ్చా లేదా అన్నది మాత్రం నిజంగానే చిక్కు. ఈ రెండింటినీ కలిపేసి, చట్టమే అయోమయం, నాకేమిటి అంటే అది మనస్సాక్షి మాట కాదు.

రెండో మెలిక ఇంకా బరువైనది. నీతిశాస్త్రం చదివిన ప్రతి గురువుకూ గురువిద్యాలయంలో ఒక వేటగాని కథ నేర్పుతారు. వేటగాడు పొదలో కదలిక చూశాడు. అది జంతువు కావచ్చు, మనిషి కావచ్చు. బహుశా జంతువే, పదిలో తొమ్మిది పాళ్ళు జంతువే అనుకుందాం. పేల్చవచ్చా? చట్టం గురించి సందేహంలో అంత ఉదారంగా మాట్లాడిన లిగోరిగారితో సహా అందరూ ఇక్కడ ఒకే గొంతుతో పేల్చరాదంటారు. చట్టం సందేహంలో ఉంటే మనిషికి వెసులుబాటు ఉంది, ఎదుటివాడి ప్రాణం సందేహంలో ఉంటే ఏ వెసులుబాటూ లేదు. ఎందుకంటే మొదటి సందేహంలో పొరపాటు పడితే నష్టం ఒక నియమానికి. రెండో సందేహంలో పొరపాటు పడితే తెల్లవారేసరికి కట్టెలు తెచ్చుకోవడానికో, జీలుగు కల్లు దింపడానికో వచ్చిన పొరుగువాడు పొదలో పడి ఉంటాడు. మన ఏజెన్సీలో ఇది పుస్తకాల కథ కాదు. అడవిజంతువనుకొని మనిషిని కాల్చారన్న వార్త పత్రికల జిల్లా పేజీలలో మీరూ చదివే ఉంటారు.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో మోషే ఇలాంటి మనిషినే తలచుకున్నాడు. అడవిలో కట్టెలు కొడుతుండగా గొడ్డలి పిడినుంచి ఊడి పక్కవాడికి తగిలి వాడు చనిపోతే, కొట్టినవాడు పారిపోయి తలదాచుకోవడానికి పట్టణాలు ఏర్పాటు చేశాడు. అనుకోకుండా జరిగినదానికి దయ ఉంది. కానీ పిడి వదులుగా ఉందని ముందే తెలిసి కొట్టినవాడి సంగతి వేరు. కాగితం లేని తుపాకీని మరమ్మతుకు బహిరంగంగా తీసుకుపోలేము. తుప్పుపట్టిన గొట్టం, ఎంత వేశామో తెలియని మందు, అది పేల్చినవాడి చేతిలోనే చిట్లవచ్చు. దాచిన తుపాకీ దాచినందువల్లనే మరింత ప్రమాదం. చట్టం ఇచ్చే శిక్ష సంగతి ఎలా ఉన్నా, చూరు కింద ఆడుకునే పిల్లల సంగతి ఆలోచించండి.

తుపాకీ లేని పాఠకులు తమకు ఈ ప్రశ్న లేదనుకుంటున్నారేమో. మైదానంలో పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ బిగించే రైతుకు కూడా ఇదే ప్రశ్న. రాత్రి ఆ గట్టు మీదుగా ఎవరూ నడవరని నమ్మకమే గాని నిశ్చయం లేదు. పంది వచ్చే దారిలో నాటుబాంబు పెట్టేవాడూ అంతే. తగిన బలమైన కారణం లేకుండా ఇతరులను ప్రాణాపాయంలో పెట్టరాదని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఐదవ ఆజ్ఞను వివరిస్తూ చెప్పింది. జొన్న కంకులు బలమైన కారణమే, ఆ కంకులే ఏడాది తిండి అయినవారికి. అవి ఒక మనిషి ప్రాణంతో తూగుతాయా అన్నది ఆ తీగ బిగించే ముందు అడగవలసిన మాట.

రైతు మీదనే ఇంత బరువు పెట్టి ప్రభుత్వాన్ని వదిలేస్తే అది ధర్మం కాదు. కర్ణాటకలోని కొడగు చూడండి. అక్కడి కొడవలకు, జమ్మా భూమి గలవారికి తుపాకీ లైసెన్సు అక్కరలేదు. 1861 నుంచి వస్తున్న ఆ మినహాయింపును 2019 అక్టోబరులో కేంద్రం మరో పదేళ్ళు, 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. బ్రిటిషువారికి నమ్మకంగా నిలిచిన కొండకు ఆనాడు మినహాయింపు దొరికింది, వారిని ఎదిరించిన రంప కొండకు పోలీసు పటాలాలు దొరికాయి. రాజవొమ్మంగికి కూడా అలాంటి మినహాయింపు ఇవ్వాలని నేను అనను. తుపాకులు తగ్గితేనే మేలని నా అభిప్రాయం. కానీ ఒక కొండ రైతును నమ్మి, ఇంకో కొండ రైతును అనుమానించే చట్టం, కనీసం ఆ రెండోవాడికి తన మాటలో, తన సంతలో, తన భాష తెలిసిన మనిషి చేత చెప్పించాలి గదా. పంట నష్టపోతే పరిహారం ఎక్కడ, ఎన్నాళ్ళలో వస్తుందో చెప్పకుండా తుపాకీ ఒక్కటి లాక్కుంటే ఆ రైతు కరెంటు తీగ వైపు చూస్తాడు.

భయం సంగతీ చెప్పాలి. తుపాకీ పట్టుకొని ఠాణాకు వెళితే అడవిలో అన్నలకు ఇచ్చావా అని అడుగుతారేమోనని ఒక భయం. ఒకప్పుడు, ఠాణాకు వెళ్ళావంటే ఇన్‌ఫార్మరువా అని అన్నలు అడుగుతారేమోనని ఇంకో భయం ఉండేది. రెండు వైపుల నుంచీ అడిగించుకున్న మనిషికి చూరే అన్నిటికన్నా భద్రమైన చోటుగా కనిపించింది. అతణ్ణి పిరికివాడని మైదానంలో కూర్చుని మనం అనవద్దు.

అయినా చట్టంలోనే ఒక తలుపు ఉంది. ఉంచుకోవడానికి హక్కు పోయిన ఆయుధాన్ని, లైసెన్సు గడువు తీరడం వల్ల గానీ మరే కారణం వల్ల గానీ, అనవసరమైన ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు ఠాణాలో గానీ లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద గానీ జమ చేయాలని 1959 చట్టంలోని 21వ సెక్షను చెబుతుంది. లైసెన్సుదారు చనిపోతే ఆ బాధ్యత వారసులది. పోలీసులు కూడా నాటు తుపాకులు స్వచ్ఛందంగా అప్పగించమని అప్పుడప్పుడు ప్రకటిస్తుంటారు. తాత పోయి ఇన్నేళ్ళు గడిచాక ఆలస్యమెందుకైందని అడుగుతారు, నిజమే. అందుకే ఒంటరిగా వెళ్ళవద్దు. ముందు ఉచిత న్యాయసహాయం ఇచ్చే వకీలుతో మాట్లాడండి. షెడ్యూల్డు తెగలవారికి ఆ సహాయం 1987 నాటి చట్టం ప్రకారం హక్కు, దయాదాక్షిణ్యం కాదు. ఊరి పెద్దను, సర్పంచిని, చదువు వచ్చిన ఉపదేశిని వెంట తీసుకు వెళ్ళండి. ఈ పత్రిక చదవగలిగిన మీరు అలాంటి పొరుగువాడికి అర్జీ వ్రాసిపెట్టగలరు. అందులో తుపాకీ ఎవరిది, ఎలా వచ్చింది, లైసెన్సు ఉందని ఎవరు చెప్పారు అన్నది ఉన్నదున్నట్లు వ్రాయండి. ఒక్క మాట కూడా కలపవద్దు. ముందుగా ఠాణాకు కబురు పంపి, మందు, రవ్వలు విడిగా మూటకట్టి, గొట్టం ఖాళీగా ఉందో లేదో తెలిసినవారిచేత చూపించి, పగటిపూట వెళ్ళండి. అప్పగించిన తరువాత రసీదు అడగండి. తేదీ, ఠాణా ముద్ర, తుపాకీ రకం, తీసుకున్నవారి సంతకం అందులో ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదివి వినిపించండి. ఆ రసీదును మాత్రం చూరులో పెట్టనివ్వకండి, చెదలు తింటాయి.